ఇంట్లోని నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉన్న ఫ్యామిలీ వీడియోలు డల్లాస్‌లో అక్క ఫోన్‌లో ప్లే కావాలంటే...

చాలామంది అడుగుతున్న విషయం ఒకటి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఇంట్లో రౌటర్‌కి కనెక్ట్ చేసిన ఒక డ్రైవ్ ఉంది, దీన్నే నాస్ అంటారు. పెళ్లి వీడియోలు, పాప మొదటి పుట్టినరోజు, తాతయ్య కబుర్లు చెబుతుంటే తీసిన క్లిప్పులు, అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంటి వైఫైలో ఉన్నంతసేపూ ఫోన్‌లో చక్కగా ప్లే అవుతాయి. గేటు దాటి మొబైల్ డేటా మీదకి రాగానే ఆ డ్రైవ్ కనపడదు. మరి డల్లాస్‌లో ఉన్న అక్క ఎలా చూడాలి?

"వాట్సాప్‌లో పంపేస్తే పోలా?" అంటారు. మామూలుగా పంపితే వాట్సాప్ వీడియోని బాగా కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే క్వాలిటీ అలాగే ఉంటుంది గానీ, ఒక ఫైల్ 2 జీబీ దాటకూడదు. రెండు గంటల పెళ్లి వీడియో అందులో ఎక్కడ పడుతుంది? గూగుల్ ఫోటోస్ కూడా 2021 జూన్ 1 నుంచి అన్‌లిమిటెడ్ ఫ్రీ ఆపేసింది. ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నిటికీ కలిపి 15 జీబీనే ఫ్రీ.

సరే, బయటి నుంచి డ్రైవ్ ఎందుకు కనపడదు? ముందు ఇది అర్థమైతే మిగతాది తేలిక. మీ ఇంటర్నెట్ కనెక్షన్‌ని ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. చాలా కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీ అడ్రస్‌ని ఎంతోమంది కస్టమర్లకి కలిపి వాడతాయి. దీని పేరు సీజీనాట్. అంటే మొత్తం అపార్ట్‌మెంట్‌కి ఒకే డోర్ నెంబర్, ఫ్లాట్ నెంబర్లు లేవు. మీరు లోపల్నుంచి ఆర్డర్ పెడితే వాచ్‌మెన్‌కి తెలుసు కాబట్టి పార్సిల్ మీకే వస్తుంది. మీరు పిలవకుండా బయట నుంచి ఎవరైనా వస్తే మాత్రం ఏ ఫ్లాట్‌కి పంపాలో తెలియక వెనక్కి పంపేస్తాడు. అక్క ఫోన్ మీ ఇంటి తలుపు తట్టినప్పుడు జరిగేది ఇదే.

మీ కనెక్షన్ ఇలాంటిదో కాదో చూసుకోవడానికి రౌటర్ సెట్టింగ్స్ ఓపెన్ చేసి వాన్ ఐపీ అనే నెంబర్ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో దేనితోనైనా మొదలైతే మీరు సీజీనాట్ వెనకాల ఉన్నట్టే. అప్పుడు నెట్‌లో దొరికే "పోర్ట్ ఫార్వర్డింగ్ చేసేయండి" అనే సలహా మీకు పనిచేయదు. గంటలకొద్దీ రౌటర్‌తో కుస్తీ పట్టకండి.

అసలు పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేసే కనెక్షన్ ఉన్నా నేను వద్దనే చెబుతాను. అది మీ డ్రైవ్ తలుపుని అక్క ఒక్కదానికే కాదు, ప్రపంచం మొత్తానికీ తెరిచిపెట్టడం. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కి నేరుగా తెరిచి ఉన్న క్యూన్యాప్ డ్రైవ్‌ల మీద పడింది. ఫైళ్లన్నీ లాక్ చేసి, విడిపించడానికి 0.03 బిట్‌కాయిన్ అడిగారు. అంతకుముందు 2021 జూన్‌లో వెస్ట్రన్ డిజిటల్ వాళ్ల మై బుక్ లైవ్ డ్రైవ్‌లు చాలావాటిని ఎవరో దూరం నుంచే ఫ్యాక్టరీ రీసెట్ చేసేశారు. 2015 తర్వాత అప్‌డేట్లే రాని మోడల్ అది. పోయిన సినిమా మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. తాతయ్య గొంతు ఎక్కడ డౌన్‌లోడ్ చేస్తాం చెప్పండి?

మరి దారేంటి? కుటుంబంలో నలుగురైదుగురు చూడటానికైతే నా ఓటు టెయిల్‌స్కేల్‌కి. ఇది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ టెక్నాలజీ మీద నడిచే యాప్. సొంత వాడకానికి ఫ్రీ ప్లాన్ సరిపోతుంది. డ్రైవ్‌లో ఒకసారి, మీ ఫోన్‌లో ఒకసారి ఇన్‌స్టాల్ చేసి ఒకే అకౌంట్‌తో లాగిన్ అవుతారు. అక్కని ఆవిడ సొంత అకౌంట్‌తో లాగిన్ అవ్వమని, ఈ ఒక్క డ్రైవ్‌ని ఆవిడకి షేర్ చేయొచ్చు. ఇక్కడ కిటుకు ఏంటంటే డ్రైవ్, ఫోన్ రెండూ లోపల్నుంచి బయటికే పిలుస్తాయి, ఎవరూ బయట నుంచి తలుపు తట్టరు. అందుకే సీజీనాట్ ఉన్నా పనైపోతుంది. డేటా మొత్తం ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది. నేరుగా కనెక్షన్ కుదరకపోతే మధ్యలో రిలే సర్వర్ ద్వారా వెళ్తుంది, అప్పుడు స్పీడ్ తగ్గుతుంది.

పెద్దమ్మ ఫోన్‌లో కొత్త యాప్ పెట్టించి లాగిన్ చేయించడం మాత్రం మనవల్ల అయ్యే పని కాదు! అలాంటివాళ్లకి లింక్ బెస్ట్. సైనాలజీ డ్రైవ్ అయితే క్విక్‌కనెక్ట్ ఆన్ చేసి, ఆల్బమ్‌కి షేర్ లింక్ తయారుచేయొచ్చు. లింక్‌కి పాస్‌వర్డ్, ఎక్స్‌పైరీ డేట్ తప్పకుండా పెట్టండి. ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టిన లింక్ ఆ గ్రూప్‌లోనే ఆగుతుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. పెళ్లికొచ్చిన రెండొందల మందికి నలభై ఫోటోలు పంపాలంటే మాత్రం డ్రైవ్ జోలికే వెళ్లొద్దు, అవి క్లౌడ్ ఆల్బమ్‌లో పెట్టేయండి.

కనెక్ట్ అయ్యాక వచ్చే కంప్లయింట్ "వీడియో ఆగి ఆగి వస్తోంది" అని. అక్కకి అక్కడ 500 ఎంబీపీఎస్ ఉన్నా లాభం లేదు. ఆవిడ డౌన్‌లోడ్ అంటే మీ ఇంటి అప్‌లోడ్. లెక్క చూడండి. మీ అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్ అయితే, 8తో భాగిస్తే, సెకనుకి 5 ఎంబీ వెళ్తుంది. ఫోన్‌లో తీసిన 4కే వీడియో నిమిషానికి సుమారు 350 ఎంబీ ఉంటుంది. అంటే ఒక నిమిషం వీడియో వెళ్లడానికి 70 సెకన్లు. ఆగకుండా ఎలా ఉంటుంది? అదే 1080పీ అయితే నిమిషానికి 130 ఎంబీ, 26 సెకన్లలో వెళ్లిపోతుంది. అందుకే డ్రైవ్‌లో జెల్లీఫిన్ లాంటి యాప్ పెట్టుకుంటే, అది వీడియోని అప్పటికప్పుడు చిన్న సైజ్‌కి మార్చి పంపుతుంది. దానికి డ్రైవ్‌లో ప్రాసెసర్ కాస్త గట్టిదై ఉండాలి. రౌటర్ వెనక యూఎస్‌బీకి గుచ్చిన హార్డ్ డిస్క్‌తో ఇది జరగదు.

ఇంకో మాట, మన ఊళ్లలో కరెంట్ సంగతి తెలిసిందేగా. అక్క పొద్దున చూసే టైముకి ఇక్కడ రాత్రి. కరెంట్ పోయి వచ్చాక డ్రైవ్ దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ చాలా మోడళ్లలో ఉంటుంది, అది ఆన్ చేసుకోండి. రౌటర్‌కీ డ్రైవ్‌కీ కలిపి చిన్న యూపీఎస్ పెడితే ఇంకా మంచిది. రెండు డిస్కులున్న నాస్ అయినా సరే, అందులో ఉన్నది బ్యాకప్ అనుకోకండి. మీరు పొరపాటున డిలీట్ చేస్తే రెండింట్లోనూ పోతుంది. ముఖ్యమైన వీడియోల కాపీ ఇంకో హార్డ్ డిస్క్‌లో తీసి, ప్లగ్ పీకేసి బీరువాలో పెట్టండి.

అంతా సెట్ చేశాక, అక్కకి చెప్పే ముందు మీ ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద ఒక వీడియో ప్లే చేసి చూడండి. ఓపెన్ కాకపోతే డ్రైవ్ మోడల్ పేరు, వాన్ ఐపీలో మొదటి రెండు భాగాలు కామెంట్‌లో రాయండి. నెంబర్ మొత్తం మాత్రం రాయొద్దు.