ల్యాప్‌టాప్ లేవకపోతే చెడిపోయినట్టేనా?



ఇప్పుడు మన ఇళ్ళల్లోకి కూడా ల్యాప్‌టాప్ వచ్చింది. కాలేజీకి పోయే పిల్లకు అప్పో సప్పో చేసి కొన్నాం. కొన్ని పొదుపు సంఘాల్లో లెక్కలు కూడా దాంట్లోనే రాస్తున్నారు. మూత తీసి బటన్ నొక్కితే తెర వెలుగుతుంది. ఒకరోజు మాత్రం కంపెనీ బొమ్మ వచ్చి అక్కడే ఆగిపోతుంది. చుక్కలు గిరగిరా తిరుగుతూనే ఉంటాయి. లేదా తెర నల్లగా ఉండిపోతుంది.

"ఏం చేశావే?" అని పిల్లను అడుగుతాం.

"ఏం చేయలేదమ్మా. అక్కర్లేని సాఫ్ట్‌వేర్ ఒకటి తీసేశాను, అంతే" అంటుంది.

పిల్లను తిట్టకండి. ల్యాప్‌టాప్ చచ్చిపోయిందని కంగారూ పడకండి. అసలు లోపల ఏం జరిగిందో చూద్దాం.

ల్యాప్‌టాప్ ఒక వస్తువు. దానికి పని చెప్పేది సాఫ్ట్‌వేర్. లెక్కలకు ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. పాటలకు ఇంకొకటి ఉంటుంది. అన్నిటికీ పెద్ద దిక్కుగా ఒకటి ఉంటుంది. మన దగ్గర ఎక్కువ ల్యాప్‌టాప్‌ల్లో దాని పేరు విండోస్. పొద్దున్నే ఇంట్లో అందరికంటే ముందు ఎవరు లేస్తారు? మనమే కదా. మనం లేచి, పొయ్యి వెలిగించి, తర్వాత ఒక్కొక్కరినీ లేపుతాం. విండోస్ చేసే పని కూడా అదే. ముందు తను లేస్తుంది. తర్వాత మిగతావాటిని లేపుతుంది.

పాటల సాఫ్ట్‌వేర్ లాంటివి తీసేస్తే మామూలుగా ఏమీ కాదు. అవి పొద్దెక్కాక లేచే రకం. కొన్ని మాత్రం విండోస్‌తో పాటే లేస్తాయి. యాంటీవైరస్ అలాంటిదే. అది కాపలా కాసే సాఫ్ట్‌వేర్. కాపలావాడు అందరికంటే ముందే వాకిట్లో ఉండాలి కదా. అందుకని దాని ముక్కలు కొన్ని విండోస్ లోపలి దాకా అల్లుకుని ఉంటాయి. ఈ ముక్కలను డ్రైవర్లు అంటారు. బస్సు నడిపే డ్రైవర్ వేరు, ఇది వేరు.

యాంటీవైరస్‌ను పద్ధతిగా తీస్తే ఈ ముక్కలన్నీ ఊడి వస్తాయి. తీస్తుండగా మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోతే కొన్ని ఊడతాయి, కొన్ని మిగిలిపోతాయి. మర్నాడు విండోస్ లేచి ఆ ముక్కను పిలుస్తుంది. అది సగమే ఉంటుంది. పలకదు. విండోస్ అక్కడే నిలబడిపోతుంది.

పందిరికి ఒక గుంజ లాగేశామనుకోండి. పందిరి ఒరుగుతుంది. మరి ఇంట్లో గాదెలో ఉన్న వడ్లు ఏమవుతాయి? ఏమీ కావు. ల్యాప్‌టాప్‌లో మన ఫోటోలు, లెక్కలు, పిల్ల రాసుకున్న పాఠాలు ఉంటాయి. వాటిని ఫైళ్ళు అంటారు. అవి ఆ వడ్ల లాంటివి. ఈ సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. షాపుకు పోయినప్పుడు ఇదే మనకు పనికొస్తుంది.

ఇలాంటి కష్టం పెద్ద పెద్ద కంపెనీలకూ వచ్చింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా కంపెనీ తన కాపలా సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలు పంపింది. ఆ ఫైలులో తప్పుంది. ప్రపంచంలో సుమారు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. విమానాలు ఆగిపోయాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. చదువుకున్నవాళ్ళు కూడా పెన్ను పట్టుకోవాల్సి వచ్చింది! మరి ఆ కంప్యూటర్లన్నీ పాడైపోయాయా? లేదు. ఆ ఒక్క ఫైలు తీసేస్తే లేచాయి. అక్కడ తప్పుడు ముక్క వచ్చి చేరింది. మన ఇంట్లో సగం ముక్క మిగిలిపోయింది. అంతే తేడా.

ఇక ఏం చేయాలో చూద్దాం. పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. తెర మీద మాటలు ఇంగ్లీషులో వస్తాయి. అవి పిల్ల చదువుతుంది. మీరు ఈ కాగితం చదవండి.

మొదట ఛార్జర్ పెట్టండి. చిన్న లైటు వెలుగుతోందా? ఏ లైటూ లేకపోతే, ఏ చప్పుడూ లేకపోతే ఛార్జర్‌నో, బ్యాటరీనో చూపించుకోవాలి. అది సాఫ్ట్‌వేర్ తీసినందుకు వచ్చిన జబ్బు కాకపోవచ్చు. లైటు వెలిగితే పెన్‌డ్రైవ్, మౌస్, ఫోను వైరు అన్నీ పీకేయండి. పావుగంట ఆగి చూడండి. ఒక్కోసారి అదే లేస్తుంది.

లేవలేదా? ఆన్ చేసే బటన్‌ను 10 సెకండ్లు నొక్కి పట్టుకోండి. ఆగిపోతుంది. మళ్ళీ ఆన్ చేయండి. కంపెనీ బొమ్మ రాగానే మళ్ళీ 10 సెకండ్లు నొక్కి ఆపండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే "నేను లేవలేకపోతున్నాను" అని విండోస్‌కే తెలుస్తుంది. అప్పుడు మరమ్మతు తెర తెస్తుంది. అందులో ట్రబుల్‌షూట్ అన్నచోట నొక్కాలి. తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. అక్కడ నాలుగైదు దారులు ఉంటాయి.

స్టార్టప్ రిపేర్ అన్నది ముందు నొక్కండి. అది తనంతట తనే బాగు చేసుకోవడానికి చూస్తుంది. కుదరకపోతే సిస్టం రిస్టోర్ నొక్కండి. సాఫ్ట్‌వేర్ తీయక ముందు విండోస్ ఎలా ఉండేదో అలా వెనక్కి తీసుకుపోతుంది. మన ఫైళ్ళను ముట్టుకోదు. అయితే పాత గుర్తు ముందే దాచి ఉంటేనే ఇది పని చేస్తుంది. అన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ గుర్తు ఉండదు.

అదీ కాకపోతే స్టార్టప్ సెట్టింగ్స్ నొక్కి, రీస్టార్ట్ నొక్కాలి. అంకెల వరుస వస్తుంది. 4 నొక్కండి. దీన్ని సేఫ్ మోడ్ అంటారు. అంటే విండోస్ ముఖ్యమైనవాళ్ళను మాత్రమే లేపుతుంది. ఆ సగం ముక్కను సాధారణంగా పిలవదు. అందుకని చాలాసార్లు ఇక్కడ తెర తెరుచుకుంటుంది. అప్పుడు మిగిలిన ముక్కలను పూర్తిగా తీసేయవచ్చు. అవాస్ట్, మెకాఫీ, నార్టన్ లాంటి కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌ను మొదలంటా తీసే చిన్న పనిముట్టు ఉచితంగానే ఇస్తాయి. వేరే కంప్యూటర్‌లో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకు రావచ్చు.

నేను చదువు చెప్పే ఊళ్ళో ఒక సంఘం ల్యాప్‌టాప్‌కు ఇదే జరిగింది. దాని బ్యాటరీ పాతది. లెక్కలు రాసే చెల్లెలు యాంటీవైరస్ తీస్తుండగా కరెంటు పోయింది. మర్నాడు లేవలేదు. టౌనులో ఒక షాపుకు తీసుకుపోయారు. అతను అట్లా చూసి ఇట్లా "ఫార్మాట్ కొట్టాలి, రెండు వేలు" అన్నాడు. సంఘం లీడరు నిరుడే రాయడం చదవడం నేర్చుకున్న అక్క. ఆమె ఒక్క మాట అడిగింది. "ఫార్మాట్ కొడితే లోపల రాసినవి ఉంటాయా, పోతాయా?" "పోతాయి" అన్నాడు. అప్పులు, కిస్తీలు, ఎవరెంత కట్టారో అంతా అందులోనే ఉంది. ఆమె ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని బస్సెక్కి వచ్చేసింది. తర్వాత సేఫ్ మోడ్‌లో తెరిచాం. గంటలో పని అయిపోయింది.

షాపులవాళ్ళందరూ మోసగాళ్ళని కాదు. ఫార్మాట్ కొట్టడం వాళ్ళకు సులువు. వెతికి బాగు చేయాలంటే టైం పడుతుంది. వడ్లు మనవి కాబట్టి అడగాల్సింది మనమే.

మరమ్మతు తెరలో ఇంకొకటి ఉంటుంది. రీసెట్ దిస్ పీసీ. అంటే విండోస్‌ను మళ్ళీ కొత్తగా వేసుకోవడం. ఇది ఆఖరి దారి. దీన్ని నొక్కగానే రెండు ప్రశ్నలు వస్తాయి. ఒకటి కీప్ మై ఫైల్స్. నా ఫైళ్ళు ఉంచు అని అర్థం. రెండోది రిమూవ్ ఎవ్రీథింగ్. అంతా తుడిచెయ్ అని అర్థం. రెండూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. చూడకుండా నొక్కితే కొంప మునిగినట్టే. మొదటిది నొక్కినా తర్వాత వేసుకున్న సాఫ్ట్‌వేర్లు పోతాయి. వాటిని మళ్ళీ వేసుకోవచ్చు. ఫైళ్ళు మాత్రం ఉంటాయి.

కొన్నిసార్లు నీలం తెర వచ్చి 48 అంకెలు అడుగుతుంది. ఇది బిట్‌లాకర్ అనే తాళం. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఈ తాళం మనకు తెలియకుండానే పడి ఉంటుంది. అంకెలు లేకపోతే లోపలి ఫైళ్ళు ఎవరూ తీయలేరు. విండోస్ చేసిన మైక్రోసాఫ్ట్ కంపెనీ కూడా తీయలేదు. మొదటిసారి ల్యాప్‌టాప్ తెరిచినప్పుడు ఏ ఈమెయిల్ ఇచ్చామో, ఆ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఈ అంకెలు సాధారణంగా దాచి ఉంటాయి. కొన్నప్పుడు షాపు కుర్రాడు తన ఈమెయిల్ పెట్టి తెరిచిచ్చాడా? అయితే అంకెలు అతని దగ్గరే ఉంటాయి. అందుకని ల్యాప్‌టాప్ బాగున్నప్పుడే ఇది అడిగి తెలుసుకోండి. పిల్ల చేత ఆ అంకెలు తెర మీద చూపించుకోండి. మీ నోటుపుస్తకంలో ఆరేసి అంకెల చొప్పున 8 గుంపులుగా రాయండి. ఆ పుస్తకం ట్రంకు పెట్టెలో పెట్టండి. ల్యాప్‌టాప్ సంచిలో మాత్రం పెట్టొద్దు. దొంగకు తాళంచెవి ఇచ్చినట్టవుతుంది.

ఇకముందు ఏదైనా సాఫ్ట్‌వేర్ తీయాలంటే ఛార్జర్ పెట్టి తీయండి. సెట్టింగ్స్‌లో యాప్స్ అన్నచోటికి పోయి, అన్‌ఇన్‌స్టాల్ నొక్కి తీయాలి. సి డ్రైవ్‌లోకి పోయి ఫోల్డర్లు చెరపడం పద్ధతి కాదు. అప్పుడే ముక్కలు మిగులుతాయి. ఒకటి తీశాక ఒకసారి ఆపి, మళ్ళీ లేపి చూసి, అప్పుడు రెండోది తీయండి. పేరు తెలియనిదాన్ని ముట్టుకోకండి. ముందుగా ఫైళ్ళు ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.

ఇవన్నీ చేసినా లేవకపోతే షాపుకు పోక తప్పదు. పోయేటప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ తీశారో, ఏ రోజు తీశారో చీటీ మీద రాసుకుపోండి. హార్డ్ డిస్క్ బాగుండి, తాళం అంకెలు మన దగ్గరుంటే, దాన్ని ఇంకో కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్ళు ముందు బయటికి తీయవచ్చు. అలా తీసిమ్మని అడగండి. ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి. రసీదు మీద మీ చేత్తోనే ఈ మాట రాసి, అతని చేత సంతకం పెట్టించండి: "నన్ను అడగకుండా లోపలి ఫైళ్ళు చెరపరాదు."