చెవి పరీక్షలో మాస్కింగ్ చేశారా? రిపోర్టులో గుర్తులు చూసుకోండి

మా ఖాలాకి కుడి చెవి సరిగా వినపడదు, ఎడమది బాగానే ఉంది. మొదటిసారి ఆడియోగ్రామ్ తీయిస్తే కుడి చెవికి హెడ్‌ఫోన్‌తో 60 డెసిబెల్స్, చెవి వెనక ఎముక మీద పరికరం పెట్టి చూస్తే 10 అని వచ్చింది. అంటే లోపలి నరం బాగుంది, మధ్యలో ఏదో అడ్డు ఉంది, ఆపరేషన్‌తో బాగవుతుందని ఇంట్లో అందరం సంతోషపడ్డాం. ఖర్చు ఎంతవుతుందో కూడా కనుక్కున్నాం. ఇంకోచోట మాస్కింగ్ పెట్టి మళ్లీ చేస్తే అసలు సంగతి తెలిసింది. కుడి చెవి దాదాపు పనిచేయడం లేదు. మొదటి పరీక్షలో విన్నది ఎడమ చెవి!

ఎలాగంటే, హెడ్‌ఫోన్‌లో శబ్దం ఒక స్థాయి దాటితే పుర్రె ఎముక గుండా రెండో చెవికి చేరుతుంది. మామూలు హెడ్‌ఫోన్‌కి 40 డెసిబెల్స్ తేడా ఉంటే చాలు, ఆ అనుమానం మొదలవుతుంది. చెవి లోపల పెట్టే ఇన్సర్ట్ ఫోన్‌తో ఈ లీకు తక్కువ. ఎముక మీద పెట్టే పరికరానికైతే అడ్డే లేదు, ఏ పక్క పెట్టినా బాగున్న చెవే వినేస్తుంది. బీకాం చదివినవాణ్ణి కదా, నాకు ఒకరి డిపాజిట్ ఇంకొకరి పాస్‌బుక్‌లో ఎక్కినట్టు అనిపించింది.

అందుకే మంచి చెవిలో ‘షూ...’ అనే శబ్దం పెట్టి దాన్ని బిజీగా ఉంచుతారు. అదే మాస్కింగ్.

రిపోర్టులో కుడి చెవి ఎరుపు, ఎడమది నీలం. మాస్కింగ్ లేకుండా హెడ్‌ఫోన్‌తో తీస్తే కుడికి సున్నా, ఎడమకి ఇంటూ గుర్తు ఉంటుంది. మాస్కింగ్‌తో తీస్తే కుడికి త్రిభుజం, ఎడమకి చతురస్రం వేస్తారు. ఎముక పరీక్షలో బాణం మొనలాంటి గుర్తు పోయి స్క్వేర్ బ్రాకెట్ వస్తుంది.

మాస్కింగ్ పెట్టాక అంకె అలాగే ఉంటే, లేదా ఓ 5 డెసిబెల్స్ మాత్రమే మారితే, మొదటి ఫలితం నిజమే. 60 కాస్తా 90 అయితే, లేదా గుర్తు కింద బాణం వేసి ‘స్పందన లేదు’ అని చూపిస్తే, ముందు వచ్చింది మంచి చెవి నీడ మాత్రమే. అలాంటప్పుడు మాస్కింగ్ తర్వాత వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

రెండు చెవులూ ఒకేలా ఉండి, హెడ్‌ఫోన్‌కీ ఎముకకీ తేడా 10 లోపే ఉంటే మాస్కింగ్ గుర్తులు లేకపోవచ్చు. అది తప్పేం కాదు. చిక్కల్లా రెండు చెవుల్లోనూ మధ్యచెవి లోపం బాగా ఎక్కువ ఉన్నవాళ్లకి. వాళ్లకి సరిపడా శబ్దం పెడితే అదే దాటి పరీక్షించే చెవిని కూడా మూసేస్తుంది. ఇన్సర్ట్ ఫోన్‌తో చేస్తారా అని ఆడియాలజిస్ట్‌ని అడగండి. ఒక చెవే బాగా తక్కువగా ఉంటే, ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు ‘మాస్కింగ్‌తో చేశారా?’ అని తప్పకుండా అడగాలి.

ఇంకో మాట. రెండోసారి పరీక్షలో ఖాలా ఆ ‘షూ’ శబ్దం వినగానే బటన్ నొక్కేసింది. మళ్లీ మొదటి నుంచి చేయాల్సొచ్చింది. షూ శబ్దాన్ని వదిలేసి ‘బీప్’ ఎంత సన్నగా వినపడినా నొక్కాలని ఇంట్లో పెద్దవాళ్లకి, పిల్లలకి ముందే ఉర్దూలోనో తెలుగులోనో చెప్పి తీసుకెళ్లండి.