అల్యూమినియం పడవ కొంటున్నారా? ముందు నీళ్లు చూడండి

సొంతూరి మత్స్య సహకార సంఘం కోసం నలుగురు కలిసి డబ్బులేసుకుని చిన్న పడవ కొనాలనుకుంటున్నారా? పుట్టి కంటే తేలిగ్గా నడుస్తుంది, చెక్కలా కుళ్లదు, ఇద్దరు ముగ్గురు మోసి గట్టెక్కించవచ్చు. అందుకే అడుగు చదునుగా ఉండే అల్యూమినియం పడవ వైపు చూపు పడుతుంది. అయితే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడుచోట్లా నీళ్లు ఒకేలా ఉండవు.

ఎక్కడ ఏది?

వనపర్తి జిల్లాలోని రామన్‌పాడు, సరళాసాగర్ లాంటి జలాశయాలు, ఊరి చెరువుల్లో చదును అడుగు పడవకు తిరుగులేదు. లోతు తక్కువున్నా తేలుతుంది, నిలబడి వల విసిరినా అంతగా ఊగదు.

జూరాల దిగువన, నది మధ్యలో ఉన్న గుర్రంగడ్డ దగ్గర సంగతి వేరు. అక్కడ రాళ్లతో పని. రివెట్లు కొట్టిన పల్చటి రేకు పడవ చవకే, కానీ రాళ్లకు తగిలేకొద్దీ రివెట్లు వదులై నీరు కారుతుంది. అడుగు రేకు 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు ఉండి, వెల్డింగ్ చేసినదే తీసుకోండి. జూరాల గేట్లు ఎత్తిన రోజు మాత్రం ఏ రేకైనా ఒకటే, పడవ దింపకూడదు.

కొల్లాపూర్ వైపు సోమశిల దగ్గర శ్రీశైలం బ్యాక్‌వాటర్ చాలా వెడల్పు. గాలి లేస్తే అలలు వస్తాయి. చదును అడుగు అలల మీద దబదబా కొట్టుకుంటుంది, పొట్టి గోడల మీదుగా నీళ్లు లోపలికొస్తాయి. ముందు భాగం కోసుగా, గోడలు ఎత్తుగా ఉన్న పడవే అక్కడ నయం. ధర ఎక్కువైనా సరే.

ఎంతమంది ఎక్కవచ్చు?

అసలు ప్రమాదమంతా ఇక్కడే. 2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతంలోని మంచాలకట్ట దగ్గర కృష్ణా దాటుతూ పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. చేపల కోసం కొన్న పడవ జాతర రోజున జనాన్ని దాటించే పడవ కావడానికి ఎంతోసేపు పట్టదు.

20 అడుగుల లోపు పడవలకు అమెరికా కోస్ట్‌గార్డ్ చెప్పే తేలిక లెక్క ఒకటుంది. పొడవును వెడల్పుతో (అడుగుల్లో) గుణించి 15తో భాగించాలి. 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పైతే ముగ్గురు. 14, 5 అయితే నలుగురు. అదీ గాలి లేని రోజున. వలలు, చేపల బరువు పెరిగితే మనిషిని తగ్గించాల్సిందే. ఆ అంకెను పడవ పక్కన పెయింట్‌తో పెద్దగా రాయించండి.

అనుమతులు, రాయితీ

మోటారు బిగిస్తే 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వర్తిస్తుంది, రిజిస్ట్రేషన్ గురించి ముందే కనుక్కోండి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో లబ్ధిదారుల యూనిట్లకు సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం వరకు సాయం ఉంటుంది. మీ పడవకు అది దొరుకుతుందా అన్నది డబ్బు కట్టకముందే జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడగాలి.

డబ్బు కట్టేముందు ఇంకో పరీక్ష. అల్యూమినియం దానంతటదే తేలదు, నీళ్లు నిండితే మునుగుతుంది. సీట్ల కింద ఫోమ్ దిట్టంగా నింపారో లేదో చూడాలి. అమ్మేవాడి మాట వినేకంటే, అడుగు నేలకు ఆనని లోతు నీటిలో పడవను అంచుదాకా నింపించండి. అయినా అంచులు నీటిపైనే ఉంటే, అప్పుడు బేరం మాట్లాడండి.