మొబైల్ యాప్ కోడ్‌లో ఉపకరణ రకాన్ని గుర్తించుట – పైరు కొలతల యాప్‌లలో దాని ఆవశ్యకత

పైరు ఫోటో నుండి పచ్చదనాన్ని అంకెగా చూపే యాప్‌లు నేడు విస్తరణ సేవలలో వాడుకకు వస్తున్నాయి. అయితే ఒకే మడిని రెండు ఫోన్లతో తీసినప్పుడు రెండు వేర్వేరు విలువలు రావచ్చును. పైరు ఒక్కటే; మారినది కెమెరా. కనుక యాప్ ఏ ఉపకరణంపై నడుస్తున్నదో కోడ్ గుర్తించవలసి ఉంటుంది.

ఇందులో రెండు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. మొదటిది, అది ఫోనా, టాబ్లెటా అన్నది. తెరలోని పిక్సెళ్ళను లెక్కించి దీనిని తేల్చబూనడం విద్యార్థులు చేసే పొరపాటు. 1440 పిక్సెళ్ళ వెడల్పు, అంగుళానికి 560 సాంద్రత గల ఫోన్‌ను, 1200 పిక్సెళ్ళ వెడల్పు, 320 సాంద్రత గల టాబ్లెట్‌తో పోల్చితే ఆ లెక్కన ఫోనే పెద్దదవుతుంది. అందువలన ఆండ్రాయిడ్‌లో పిక్సెళ్ళను 160తో గుణించి సాంద్రతతో భాగిస్తారు. ఫలితాన్ని డీపీ అంటారు. పై ఫోన్‌కు సుమారు 411, టాబ్లెట్‌కు 600 వస్తుంది. తెర చిన్న భుజం 600 డీపీ లేదా అంతకు మించినచో టాబ్లెట్‌గా పరిగణించడం ఆనవాయితీ. మడత ఫోన్లలో ఈ విలువ యాప్ నడుస్తుండగానే మారుతుంది కనుక ఒకసారి కొలిచి ఊరుకోరాదు.

రెండవది మోడల్. ఆండ్రాయిడ్‌లో ‘బిల్డ్’ తరగతి తయారీదారు పేరును, మోడల్‌ను తెలుపుతుంది. ఆపిల్ ఫోన్లలో ‘యూఐడివైస్’ మోడల్ గుణం ‘ఐఫోన్’ అని మాత్రమే చెప్పి ఊరుకుంటుంది. నిర్దిష్ట సంకేతానికి ‘యూనేమ్’ను ఆశ్రయించాలి. బ్రౌజర్ యాప్‌లకు యూజర్ ఏజెంట్ వాక్యం ఇప్పుడు నమ్మదగిన ఆధారం కాదు. 2019లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 13 నుండి ఐప్యాడ్ సఫారీ తనను మాక్ కంప్యూటర్‌గా చెప్పుకొంటున్నది. ఆండ్రాయిడ్ క్రోమ్ 2023 నుండి మోడల్ స్థానంలో ‘కె’ అనే ఒక్క అక్షరాన్ని ఇస్తున్నది.

ఫ్లాష్ ఉన్నదా, కాంతి సెన్సర్ ఉన్నదా అని తెలియడానికి మోడళ్ళ జాబితా కోడ్‌లో రాయడం వృథా శ్రమ. కొత్త ఫోన్ రాగానే అది పాతబడుతుంది. ఆ సదుపాయం ఉన్నదీ లేనిదీ వ్యవస్థనే నేరుగా అడగవచ్చును. రంగు కొలతల విషయం వేరు. ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయంలో రూపొందిన కెనోపియో యాప్‌లో ఎరుపు–ఆకుపచ్చ, నీలం–ఆకుపచ్చ నిష్పత్తులకు సాధారణ హద్దు 0.95. కెమెరా తనంతట తాను చేసే తెలుపు సవరణ వలన అంచునున్న పిక్సెల్ ఒక ఫోన్‌లో పైరుగా, మరొక ఫోన్‌లో నేలగా లెక్కకు రావచ్చును.

ఆకు రంగు పట్టికను అనుకరించే యాప్‌లలో ఈ తేడా రైతు ఖర్చుపై పడుతుంది. రీడింగ్ సందిగ్ధ విలువకు దిగువన చూపితే పైపాటుగా నత్రజని వేయమని సలహా వెలువడుతుంది. అవసరం లేని యూరియా పొలంలో పడుతుంది. కనుక ప్రతి రీడింగ్‌తోపాటు మోడల్, ఓఎస్ వెర్షన్ నమోదు కావాలి. ఫోటోలో ఆకు పక్కన బూడిదరంగు కార్డు ఉంచితే దిద్దుబాటుకు ఆధారం దొరుకుతుంది. ఐఎంఈఐ సంఖ్య ఇందుకు అక్కరలేదు. ఆండ్రాయిడ్ 10 నుండి సాధారణ యాప్‌లకు అది లభించదు కూడా. ఎమ్యులేటర్‌పై తెర అమరికను సరిచూడవచ్చును గాని, రంగుల పరీక్ష అసలైన ఫోన్లతో పొలంలోనే జరగాలి.