దోషము లోపలనా? బయటనా? - డిఫరెన్షియల్ రిలే

ఇంటిలో విద్యుత్ ప్రవాహము మితిమీరినచో ఫ్యూజుతీగ కరిగిపోవును. ప్రమాదము తప్పును. కాని ఉపకేంద్రములోని పెద్ద ట్రాన్స్‌ఫార్మరుకు ఈ ఉపాయ మొక్కటే చాలదు. ఎక్కడో లైనుపై చెట్టుకొమ్మ విరిగిపడినను ట్రాన్స్‌ఫార్మరు గుండా అధిక ప్రవాహము పారును. లోపలి తీగచుట్టల ఇన్సులేషను చెడినను అధిక ప్రవాహమే పారును. మొదటి సందర్భమున ఆ లైనును వేరుచేసిన చాలును. ట్రాన్స్‌ఫార్మరునే ఆపినచో అనేక గ్రామములు అకారణముగా చీకటిలో మునుగును. రెండవ సందర్భమున ఆలస్యము చేసినచో చుట్టలు కాలి, నూనె అంటుకొనవచ్చును. ఈ రెంటి భేదమును కనుగొనుట ఎట్లు?

పంటకాలువతో పోల్చిన ఇది సులభముగా బోధపడును. కాలువ మొదటను, చివరను నీటిని కొలిచినపుడు రెండు కొలతలును సమానమైనచో నడుమ గండి లేదు. వరద వచ్చినను రెండుచోట్లను నీరు ఒకే తీరున పెరుగును. వచ్చినదానికంటె పోవునది తగ్గినపుడే గండి పడినట్లు. డిఫరెన్షియల్ రిలే వేయు లెక్కయు ఇదియే. ఈ సూత్రముపై 1904లో ఇంగ్లండులో చార్లెస్ మెర్జ్, బెర్నార్డ్ ప్రైస్ అను ఇంజనీర్లు ఒక రక్షణ పద్ధతిని రూపొందించిరి.

అయితే ట్రాన్స్‌ఫార్మరుకు రెండువైపుల ప్రవాహములు సమానముగా నుండవు గదా! 132/33 కిలోవోల్టుల, 50 ఎం.వి.ఏ. సామర్థ్యముగల మూడు ఫేజుల ట్రాన్స్‌ఫార్మరులో పూర్తి భారమున ఒకవైపు సుమారు 219, రెండవవైపు 875 ఆంపియర్లు పారును. మొదటివైపు 250:1, రెండవవైపు 1000:1 నిష్పత్తిగల కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లను అమర్చినచో రెంటినుండియు సుమారు 0.875 ఆంపియరే వచ్చును. ఈ రెండు ప్రవాహములును సరిపోయినంతవరకు వాని నడుమ నున్న రిలే చుట్టలో ఏమియు పారదు. లోపల దోషము కలిగినచో తేడా ఏర్పడి, ఆ తేడా రిలే గుండా పారును. రిలే వెంటనే రెండువైపుల సర్క్యూట్ బ్రేకర్లను తెరిపించును. రిలే నిర్ణయమునకు పట్టు కాలము సెకనులో కొద్ది శతాంశములే.

ఆచరణలో రెండు చిక్కులున్నవి. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు అచ్చముగా ఒకేరీతిని పనిచేయవు. బయటి దోషమువలన ప్రవాహము 8 రెట్లై, 7 ఆంపియర్లు రావలసినచోట ఒకటి నూటికి 5 వంతులు తక్కువ చూపినచో 0.35 ఆంపియరు తేడా కనిపించును. 0.2 ఆంపియరుకే కదలు రిలే దీనికి మోసపోవును. అందుచే గుండా పోవు ప్రవాహమే రిలేను వెనుకకు లాగునట్లు నిరోధక చుట్టను చేర్చిరి. తేడా ఆ ప్రవాహములో, ఉదాహరణకు, నూటికి 30 వంతులు మించిననే, అనగా ఇచ్చట 2.1 ఆంపియర్లు దాటిననే, రిలే కదలును.

రెండవ చిక్కు ట్రాన్స్‌ఫార్మరును లైనుకు కలుపునప్పటిది. ఇనుపకోరును అయస్కాంతీకరించుటకు పూర్తిభార ప్రవాహమునకు అనేక రెట్లు ప్రవాహము ఒకవైపుననే చొరబడును, కొద్దిసేపటికి తగ్గిపోవును. రిలేకు ఇది లోపలి దోషమువలెనే తోచును. కాని ఈ ప్రవాహములో సెకనుకు 50 ఆవర్తనములతో పాటు 100 ఆవర్తనముల అంశము మెండుగా నుండును. ఆ గుర్తును బట్టి రిలే ఊరకుండును.

నేటి రిలేలలో చుట్టలకు బదులు మైక్రోప్రాసెసర్లు ఈ లెక్కలు వేయుచున్నవి. సాధనము మారినది కాని ప్రశ్న మారలేదు: వచ్చినదెంత? పోయినదెంత?