అజెండా ఎవరి చేతిలో ఉంటుంది?

దేశ రాజకీయాల్లో అజెండా (ఏ అంశంపై చర్చ జరగాలి, దేని తర్వాత ఏది రావాలి అనే వరుస) ప్రభుత్వం నిర్ణయిస్తుందా, ప్రతిపక్షమా? కులగణన కథ చూస్తే ఈ ప్రశ్నకు జవాబు కొంత తెలుస్తుంది.

ముందు నిబంధనలు చూద్దాం. పార్లమెంటును రాష్ట్రపతి సమావేశపరుస్తారు. కానీ మంత్రివర్గం సలహా మీదే. చట్టాలయ్యే బిల్లులు దాదాపు అన్నీ మంత్రులు పెట్టేవే. ప్రైవేటు మెంబర్ బిల్లు (మంత్రి కాని సభ్యుడు పెట్టేది) చివరిసారి చట్టమైంది 1970లో. బ్రిటన్ కామన్స్ సభలో ఒక్కో సెషన్‌లో 20 రోజులు ప్రతిపక్షం ఎంచుకున్న అంశాలకు కేటాయిస్తారు. మన లోక్‌సభలో ఆ ఏర్పాటు లేదు.

అందుకే ఇక్కడి ప్రతిపక్షం పక్కదారులు వెతుక్కుంటుంది. అవిశ్వాస తీర్మానం అలాంటిదే. 50 మంది సభ్యుల మద్దతుంటే దాన్ని చర్చకు తీసుకోక తప్పదు. 2023లో ఓడిపోతామని తెలిసే ప్రతిపక్షం ఈ తీర్మానం పెట్టింది. మణిపూర్ హింస మీద ప్రధాని సభలో మాట్లాడాలన్నదే దాని ఉద్దేశం. ఆగస్టు 10న ఆయన మాట్లాడారు. తీర్మానం వీగిపోయింది, ఉద్దేశం నెరవేరింది.

అయితే ఒక్క రోజు మాట్లాడించడం వేరు, విధానం మార్పించడం వేరు. రెండోది ఎలా జరుగుతుందో కులగణన చూపిస్తుంది.

అన్ని కులాల లెక్కలూ చివరిసారి వెలువడింది 1931 జనగణనలో. స్వాతంత్ర్యం వచ్చాక జనగణనల్లో ఎస్సీ, ఎస్టీలను మాత్రమే విడిగా లెక్కిస్తూ వచ్చారు. మిగతా కులాలను లెక్కించబోమని, అది తమ విధాన నిర్ణయమని కేంద్రం 2021 జులైలో లోక్‌సభకు చెప్పింది. మరుసటి నెలలో బిహార్ నుంచి అఖిలపక్షం వెళ్లి ప్రధానిని కలిసింది. అందులో బీజేపీ ప్రతినిధి కూడా ఉన్నారు. కేంద్రం ఒప్పుకోకపోవడంతో బిహార్ సొంతంగా సర్వే చేసి 2023 అక్టోబర్ 2న ఫలితాలు ప్రకటించింది. వెనుకబడిన, అత్యంత వెనుకబడిన తరగతులు కలిసి దాదాపు 63 శాతమని తేలింది. కాంగ్రెస్ 2024 ఎన్నికల్లో దేశవ్యాప్త కులగణనకు హామీ ఇచ్చింది. తెలంగాణ ప్రభుత్వం సర్వే జరిపించి 2025 ఫిబ్రవరిలో ఫలితాలు బయటపెట్టింది. చివరికి 2025 ఏప్రిల్ 30న, రాబోయే జనగణనలో కులాలనూ లెక్కిస్తామని కేంద్రం ప్రకటించింది.

ఈ డిమాండు ఎందుకు నిలబడింది? మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, రాష్ట్రాలు ఢిల్లీ కోసం ఆగకుండా కొంత పని తామే చేసి చూపగలిగాయి. రెండోది, వద్దనడం అధికార పక్షానికే ఇబ్బందిగా మారింది. 2024లో బీజేపీకి వచ్చినవి 240 స్థానాలు, మెజారిటీకి కావలసినవి 272. ప్రభుత్వానికి ఆసరాగా నిలిచిన పార్టీల్లో బిహార్‌లో సర్వే చేయించిన జేడీయూ ఒకటి. మూడోది, 2025 చివర్లో బిహార్ ఎన్నికలు రానుండటం.

ఇక్కడితో ప్రతిపక్షం గెలిచిందనుకుంటే సగమే నిజం. తేదీని ఎంచుకున్నది ప్రభుత్వం. పహల్గాం ఉగ్రదాడి జరిగిన ఎనిమిది రోజులకు, దేశం దృష్టంతా సరిహద్దు మీద ఉండగా ఆ ప్రకటన వచ్చింది. ఎంతవరకు ఒప్పుకోవాలో తేల్చుకున్నదీ ప్రభుత్వమే. రిజర్వేషన్లకున్న 50 శాతం పరిమితిని పెంచుతామని కాంగ్రెస్ చెప్పింది. కేంద్రం లెక్కింపుకు ఒప్పుకుంది కానీ పరిమితి జోలికి పోలేదు. లెక్కింపునకు ప్రామాణిక తేదీగా చాలా ప్రాంతాలకు 2027 మార్చి 1ని ప్రకటించింది.

కాబట్టి పని విభజన ఇలా ఉంది. ప్రశ్నను ప్రతిపక్షం లేవనెత్తగలదు. జవాబు ఎప్పుడు, ఎంత ఇవ్వాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. జవాబు ఇచ్చాక ఆ ప్రశ్న ప్రతిపక్షానికి మునుపటంత పదునుగా ఉండదు. అందుకే చర్చ ఇప్పుడు లెక్కల నుంచి వాటా వైపు మళ్లింది. స్థానిక సంస్థల్లో, విద్యా ఉద్యోగాల్లో బీసీలకు 42 శాతం కోటా కల్పిస్తూ తెలంగాణ శాసనసభ కేంద్రం ప్రకటనకు ముందే, 2025 మార్చిలో బిల్లులు ఆమోదించింది. 50 శాతం పరిమితి ప్రశ్నను అవి మళ్లీ కేంద్రం ముందుకు నెట్టాయి.