సంచార్ సాథీ

ఫోన్‌లో *#06# కొట్టి చూడండి. తెర మీద 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. ఫోన్ పోతే ఆ నంబరుతో దాన్ని పనిచేయకుండా చేయడానికి, మన పేరు మీద ఎన్ని కనెక్షన్లున్నాయో చూసుకోవడానికి కేంద్ర టెలికాం శాఖ పెట్టిందే సంచార్ సాథీ. పోర్టల్ 2023లో, యాప్ 2025 జనవరిలో వచ్చాయి. పనికొచ్చేదే, దానితో ఎవరికీ పేచీ లేదు.

గొడవంతా 2025 నవంబరు 28 నాటి ఉత్తర్వుతోనే. 90 రోజుల్లోగా కొత్త ఫోన్లన్నింటిలో కంపెనీలే ఈ యాప్ వేసి అమ్మాలని, దాని పనితీరును ఆపే వీలుండకూడదని అందులో ఉంది. వద్దనుకుంటే తీసేసుకోవచ్చని మంత్రి జ్యోతిరాదిత్య సింధియా అన్నారు గానీ, ఉత్తర్వు చదివితే అలా తోచదు. అడగకుండా జేబులోకి సర్కారు యాప్ ఏమిటని జనం నిలదీశారు. డిసెంబరు 3న కేంద్రం ఆ తప్పనిసరి షరతును వెనక్కి తీసుకుంది.